మోసుకుపోలేని కంప్యూటర్

ఊళ్ళో నా గురించి ఎవరేం చెప్పుకున్నా చెప్పుకోనివ్వండి. ఆ ఎండాకాలం మా ఇంటికి కంప్యూటర్ కొన్నది నేను. ఏది కొనాలో తేల్చిందీ నేనే. మంచి వస్తువు, ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తోంది. నన్ను తప్పుపట్టేవాళ్ళు ముందు నా చోట నిలబడి చూడాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు ఈత గురించి ఎన్నయినా చెబుతారు.

మాది అల్లూరు దగ్గర పల్లె. ఒకప్పుడు వరి పండిన నేలంతా ఇప్పుడు రొయ్యల గుంటలే. ఎండలు ముదిరాక గుంటల్లో నీళ్ళు తోడేసి, అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెడతారు. కొత్త గుంటలు తవ్వేదీ, పాత గట్లు సరిచేసేదీ అప్పుడే. తవ్వడానికి అనుమతి కావాలి, అనుమతికి ప్లాను కావాలి. ఆ ప్లానులు గీసేది మా మరిది పెంచలకృష్ణ. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాడు. చదువైన ఏడాదే ఒక కట్టుబడి దగ్గర స్లాబు మీద నుంచి పడి తుంటి విరిగింది. అప్పటినుంచి చంకలో కర్ర లేనిదే నడవలేడు. కానీ కంప్యూటర్ ముందు కూర్చున్నాడంటే చుట్టుపక్కల అతనికి సాటి లేరు. గట్టు ఎంత వాలుండాలి, ఏటి నీళ్ళు ఎటు నుంచి రావాలి, మురికి నీళ్ళు ఎటు పోవాలి, అన్నీ గీసి చేతిలో పెట్టేవాడు. ఇళ్ళ ప్లానులకు కూడా అల్లూరు నుంచి వచ్చేవాళ్ళు.

సంపాదించింది అంతా తెచ్చి నా చేతికిచ్చేవాడు. మా ఇళ్ళల్లో అది ఆనవాయితీ, ఎవరు తెచ్చినా పెద్దకోడలి చేతికి రావాలి. మా ఆయన నరేంద్రబాబు వేసిన రొయ్యలు వరసగా తెల్లమచ్చ రోగమొచ్చి పోయాయి. పంట పోయిన రైతు పెళ్ళాం వీధిలో ఎలా నడుస్తుందో నేను చూశాను, తల వంచుకుని గోడ పక్కన నడుస్తుంది. నేను అలా నడవలేదంటే అది కృష్ణ వల్లే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసిందని అతనికి ఎప్పుడూ తెలియనివ్వలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అతను కట్లతో మంచంలో పడున్నన్నాళ్ళూ ఒంటికీ రెంటికీ చూసింది నేను. కన్నతల్లి, మా అత్త ఆదిశేషమ్మ, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను పెట్టుకోలేదు. అలాంటి మనిషి మీద నాకు హక్కు లేదంటే నేనొప్పుకోను.

ఆ చైత్రంలో పాత కంప్యూటర్ చచ్చిపోయింది. ఉప్పుగాలికి లోపలంతా తుప్పు పట్టిందని, ఇక బాగుచేయించినా నిలవదని కృష్ణ చెప్పాడు. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది, గుంటలవాళ్ళు ప్లానుల కోసం వాకిట్లో కూర్చుంటున్నారు. కొత్తది కొనక తప్పదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర అతనే మాట ఎత్తాడు.

"వదినా, ఈసారి ల్యాప్‌టాప్ తీసుకుందాం. సంచిలో ఏసుకుంటే నేనే మోసుకుపోగలను."

"యాడికి మోసుకుపోతావు?"

"నెల్లూరికి. వాణి మేడం ఆఫీసులో రమ్మన్నారు. ఎవరి మిషను వాళ్ళే తెచ్చుకోవాలంట. ఆఫీసు కిందనే గది ఉండాదంట, మెట్లెక్కే పని లేదు. ఆదివారం ఆదివారం ఇంటికొస్తా."

వాణి అంటే నెల్లూరులో సొంతంగా డ్రాయింగు ఆఫీసు పెట్టుకున్న ఇంజినీరు. కృష్ణ గీసిన గుంటల ప్లాను ఒకటి ఎక్కడో చూసి ఫోన్ చేసిందట. మా ఆయన చారు కలుపుకుంటూ మంచిదేగదరా అన్నాడు. అత్తకైతే కొడుకు కలెక్టరైనంత సంబరం. నేను అతని కంచంలో ఇంకో గరిటె అన్నం వేశాను. 

వద్దనే మాట నేను అనలేదు. ఎవరినైనా అడగండి. కానీ ఆ రోజు గిన్నెలు తోముతున్నంతసేపూ నాకు ఒకటే కనబడింది. మొదట ఆదివారాలు వస్తాడు. తర్వాత పండగలకు వస్తాడు. డబ్బు మొదట నా చేతికిస్తాడు, తర్వాత అన్నకు పంపుతాడు, ఆ తర్వాత గది అద్దెకే చాలడం లేదంటాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. లోకంలో ఎవరు దీనికి మినహాయింపు? నాకు భయం వేసింది. భయం వేసినప్పుడు నేను ఏడ్చే రకం కాదు.

మా వైపు రైతు మోటారు కొనేటప్పుడు ముందు దాన్ని ఎత్తి చూస్తాడు. బరువుంటే లోపల రాగి ఉన్నట్టు, తేలిగ్గా లేచిందంటే అల్యూమినియం చుట్టి అంటగడుతున్నట్టు. కంపెనీ పేరు తర్వాత, చేతికి తగిలిన బరువే ముందు. మా ఆయనకు ఆ నమ్మకం మరీ జాస్తి. నేను చేసిందల్లా ఆ నమ్మకాన్ని గుర్తు చేయడమే. పుస్తకమంత మందం లేని మిషను గుంటల లెక్కలన్నీ మోస్తుందా అని ఒకసారి, ఒళ్ళో పెట్టుకుంటే కాలుతుందంట గదా అని ఇంకోసారి అన్నాను. అతనే తల ఊపుతూ, తేలికదంతా తగరమే అన్నాడు.

కొనడానికి వెళ్ళే రోజు కృష్ణ తెల్లారే తలస్నానం చేసి చొక్కా వేసుకుని కూర్చున్నాడు. బస్సు ఎక్కి దిగితే మళ్ళీ తుంటి వాస్తుందని, ఈ ఎండలో నీకెందుకు అవస్థ అని నేనే ఆపాను. నిజంగానే అంతకు ముందు వారం వాచింది, అబద్ధం కాదు. అతను కాసేపు కర్ర వైపు చూసుకుని సరేనన్నాడు. తనకు కావలసింది కొట్టు కుర్రాడు రవి కుమార్‌కు ఫోన్లో చెప్పి తీసి పెట్టించానని, మేం వెళ్ళి తెస్తే చాలని చెప్పాడు. నా మీద అతనికి అంత నమ్మకం.

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో చల్లటి కొట్టు. రవి కుమార్ అప్పటికే ల్యాప్‌టాప్ బల్ల మీద తెరిచి పెట్టి ఉంచాడు. దాని మీద ఏదో ఇంటి బొమ్మ తిరుగుతోంది, గోడలు, కిటికీలు, మెట్లు. మా ఆయన దాన్ని ఒక్క చేత్తో ఎత్తి, కిందపెట్టి, నా ముఖం చూశాడు. పక్కనే నేల మీద డెస్క్‌టాప్ తాలూకు నల్లటి పెట్టె ఉంది. దాన్ని ఎత్తబోతే రెండు చేతులూ పట్టాయి. అతని ముఖం వెలిగింది.

ఈ రెంటిలో ఏది గట్టిదని రవి కుమార్‌ను అడిగాను. కుర్రాడు నిజాయితీపరుడు, అన్నీ విడమరచి చెప్పాడు. అదే ధరకు పెద్దపెట్టెలో బలం ఎక్కువట. బొమ్మలు గీయడానికి లోపల వేరే కార్డు ఉంటుందట, అది పెద్దది పడుతుందట. తెర రెండింతలు, కళ్ళకు శ్రమ ఉండదు. ఏదైనా పోతే ఆ ముక్క ఒకటే మార్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ అయితే ఎండాకాలం వేడెక్కి నిదానిస్తుంది, కానీ మనిషి ఎక్కడికి వెళితే అక్కడికి వస్తుంది. అంతా చెప్పి చివర్న ఒక్క ప్రశ్న అడిగాడు.

"అన్న బయట తిరిగి పని చేస్తాడా అక్కా, ఇంట్లోనేనా? దాన్నిబట్టే."

మా ఆయన నోరు తెరవబోయాడు. నేను ముందే చెప్పాను.

"కృష్ణ యాడికీ పోడు."

రవి కుమార్ ల్యాప్‌టాప్ మూసేశాడు. నేను అక్కడితో ఆగలేదు. పెట్టెను అక్కడే విప్పి, కార్డు బిగించి, నడిపి చూపించమన్నాను. విప్పిన సరుకు వెనక్కి తీసుకోరని నాకు తెలుసు. ఫ్యాను బుర్రుమని తిరిగితే మా ఆయన తల పక్కకు వాల్చి, బోరు మోటారు విన్నట్టు విని, కూత బాగుందని మెచ్చుకున్నాడు.

ఆటోలోంచి అట్టపెట్టెలు దించుతుంటే కృష్ణ వాకిట్లోకి వచ్చాడు. చూసి, ఇది కాదు గదా అన్నాడు. కొట్టువాడే చెప్పాడని, ల్యాప్‌టాప్ ఎండకు నిదానిస్తుందట, దీని బలం దానికి రాదట అని చెప్పాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. అతను అట్టపెట్టె మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. ముఖం చూస్తే జాలి వేసింది. జాలి వేసిందని పని చెడగొట్టుకుంటామా? రెండు రోజులు పోతే అన్నీ సర్దుకుంటాయని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు బిగించడానికి రవి కుమార్ వచ్చాడు. కొత్త మోటారుకు చేసినట్టే మా అత్త పెట్టెకు పసుపు రాసి, బొట్లు పెట్టి, టెంకాయ కొట్టింది. ఆ నీళ్ళు పెట్టె మీద పోయబోతే కుర్రాడు చెయ్యి పట్టుకున్నాడు. అందరం నవ్వాం, కృష్ణ కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే రవి కుమార్ తీగలు కలుపుతూ అన్నాడు.

"మీకు ల్యాప్‌టాపే తీసిపెట్టినానన్నా. మీరింక బయటికి యాడికీ పోరని అక్క చెప్పింది గదా, అందుకని ఇదిచ్చినా. ఇంట్లో ఉండేవాళ్ళకి ఇదే మంచిది."

మా అత్త టెంకాయ చిప్ప పట్టుకుని నా వంక చూసింది. మా ఆయన గోడ వంక చూశాడు. కృష్ణ ఎవరి వంకా చూడలేదు. కరెంటు తీగ ఇంకొంచెం పొడుగుది ఉందా అని రవి కుమార్‌ను అడిగాడు. ఉందంటే, వేయమన్నాడు.

గొడవ పడతాడనుకున్నాను. పడి ఉంటే బాగుండేది, నాలుగు మాటలు నేనూ అని ఉండేదాన్ని. అతను మాత్రం పనిలో పడ్డాడు. కొత్త మిషను మీద పని వరద నీళ్ళలా సాగింది. గుంటలవాళ్ళు వచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు, పోయేవాళ్ళు. సంపాదన ఎప్పటిలాగే నా చేతికే వచ్చింది. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. వాణి ఫోన్ చేసినప్పుడు మాత్రం, మిషను తేవడానికి కుదర్లేదు మేడం, కొంచెం టైమివ్వండి అనడం విన్నాను. టైము దేనికో నాకు అర్థమైంది. ఇంకోటి కొనాలని. అది నా చేతిలోంచి రావాల్సిందే, కాబట్టి నేను తొందరపడలేదు.

కానీ రోహిణి కార్తెలో ఆ పిల్లే ఇంటికి వచ్చింది. విడవలూరు వైపు ఏదో స్థలం చూడటానికి వెళ్తూ దారిలో కారాపింది. నేను వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. కృష్ణ లోపల చొక్కా మార్చుకుంటున్నాడు. మిషను సంగతి తను చూసుకుంటానని, ఆఫీసులో పాతది ఒకటి సర్దుతానని, కృష్ణను పంపిస్తే చాలని ఆమె అంది. అంత కష్టపడి కట్టిన గట్టు ఒక్క మాటతో తెగిపోతోంది.

అప్పుడు చెప్పాను. గొంతు తగ్గించి, ఆడదానికి ఆడది చెప్పుకున్నట్టు చెప్పాను. అతను ఒంటరిగా ఉండలేడమ్మా, వీధి చివరికి పోవాలన్నా మనిషి తోడుండాలి, ఒక్కోసారి బాత్రూములో పడిపోతాడు, పక్క తడుపుతాడు, సిగ్గుపడి మీకు చెప్పి ఉండడు, రేపు మీ ఆఫీసులో ఏమన్నా అయితే ఆ మాట మీకొస్తుంది, అన్నాను. మంచంలో ఉన్నప్పటి సంగతులు కొన్ని, నేను కలిపినవి కొన్ని. ఆ పిల్ల మజ్జిగ గ్లాసు కిందపెట్టింది. మంచి పిల్ల, అన్నీ నమ్మింది. కృష్ణ బయటికి వచ్చేసరికి ఆమె చూపు మారిపోయింది. అతన్ని నిలబడొద్దని, కూర్చోమని రెండుసార్లు అంది. ఆరోగ్యం జాగ్రత్త, ఇంటి నుంచే చిన్న పనులేమన్నా ఉంటే పంపిస్తాను అని చెప్పి కారెక్కింది.

కారు మలుపు తిరిగేదాకా అతను వసారాలోనే ఉన్నాడు. మా గదులకు తలుపులే ఉంటాయి, చెవులకు అడ్డం ఉండదు. అంతా విన్నాడు.

"అవన్నీ అయిపోయి ఏళ్ళయింది గదా వదినా."

"నీ మంచికే చెప్పినా కృష్ణా."

తలూపాడు. నేను గ్లాసు తీసుకుని లోపలికి వచ్చాను. గెలిచిన మనిషికి ఉండాల్సిన సంతోషం ఉండనే ఉంది, కాదనను. దాని కింద ఇంకేదో మెదిలింది. దాన్ని నేను కదిలించలేదు.

తొలకరి పడకముందు ఒక రోజు టేపు తీసుకుని వచ్చి, ఇల్లు కొలవాలి వదినా, ఒక చెయ్యి వెయ్యి అన్నాడు. పైన గది వేసే ఆలోచన కాబోలనుకున్నాను. గుంట మళ్ళీ పండితే మేడ కడదామని మా ఆయన ఎప్పటినుంచో అంటున్నాడు. మనసు కుదుటపడ్డట్టుంది, ఇంటి మీద ధ్యాస మళ్ళింది అని మురిసిపోయాను కూడా. ఆ కొన గట్టిగా పట్టుకో వదినా, గోడకు ఆనించు, అని అతను చెబుతుంటే ఇల్లంతా తిరిగాను. వాకిలి, నడిమిల్లు, పడమటి గదులు, అతని గది, సామాన్ల గది, వంటిల్లు. వంటింట్లో గిన్నెల బల్ల కూడా నేనే జరిపి ఇచ్చాను. అతను అంకెలు ఫోన్లో కొట్టుకున్నాడు.

రెండు రోజుల తర్వాత మస్తానయ్యను పిలిపించాడు. మస్తానయ్య పోయిన మా మామకు అన్న, ఊళ్ళో వాటాలు తెంచాలంటే ఆయనే పెద్దమనిషి. ఆయన్ని చూడగానే నాకు విషయం సగం అర్థమైంది. మా ఆయనకు ఎప్పటిలాగే అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది. కృష్ణ తన గదిలోనే అందరినీ కూర్చోబెట్టి, తెర మా వైపు తిప్పాడు. మా ఇల్లు నల్లగీతల్లో నిలువునా ఉంది. నడుమ ఎర్రగీత, వాకిలి నుంచి దొడ్డిదాకా.

"గుంటలు, పొలం నాకొద్దన్నా, నువ్వే ఉంచుకో. ఇల్లు మాత్రం రెండు చేసుకుందాం. పెద్దోడికి పడమర, చిన్నోడికి తూర్పు. నేను కొత్తగా పెట్టిందేం లేదు."

మస్తానయ్య తెరకు దగ్గరగా వంగి చూసి, ధర్మంగానే ఉందబ్బాయా అన్నాడు. అది మా వైపు ఎవరూ కాదనలేని కట్టుబాటు. మా మామా, మస్తానయ్యా కూడా అలాగే పంచుకున్నారు. ఎర్రగీతకు తూర్పున కృష్ణ గది ఉంది, సామాన్ల గది ఉంది. ఆగ్నేయంలో, ఏ ఇంట్లోనైనా ఉన్నట్టే, వంటిల్లు ఉంది. నేను కాపరానికి వచ్చిన నాటినుంచీ పొద్దున లేచి మొదట అడుగుపెట్టే చోటు అది.

"వంటిల్లు అటు పోతే మేం యాడ వండుకోవాల?"

"పడమటి వసారాలో పొయ్యికి చోటు పెట్టినా వదినా. సింకు గూడా గీసినా. చూడు."

మౌసు తిప్పి ఆ మూల పెద్దది చేశాడు. తెర వెడల్పు గదా, అన్నీ బాగా కనబడ్డాయి. పొయ్యి గట్టు, సింకు, గిన్నెలకు అలమర. కిటికీ ఎటు ఉంటే పొగ పోతుందో కూడా బాణం గుర్తు పెట్టాడు. ఎక్కడా కక్ష కనబడలేదు. చక్కటి పని. అదే నన్ను కోసింది.

నాకు కోపం ఆగలేదు. పోవాలనుంటే పో, నెల్లూరికి పో, ఎవరాపారు, ఇంటికి గోడ కట్టి మా పరువు తీయడం దేనికి అన్నాను. అతను కర్ర సర్దుకుని, మామూలుగా, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నేను యాడికీ పోనని నువ్వే గదా వదినా చెప్పినావు. పోను. ఈడనే ఉంటా."

మా ఆయన తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కృష్ణ చెయ్యి విడిపించుకోలేదు, మాటా మార్చుకోలేదు. ఇక నుంచి తన సంపాదన తన దగ్గరే ఉంటుందని కూడా చెప్పాడు. మస్తానయ్య మా అత్తను, ఎవరి దగ్గర ఉంటావమ్మా అని అడిగాడు. ఆమె నన్ను చూడకుండానే లేచి, పడమటి గదిలోంచి చాపా, దిండూ తెచ్చి కృష్ణ గది మూలన పెట్టుకుంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న తల్లి. ఆ మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. అని ఉంటే నాకే ఎవరూ లేకుండా పోయేవారు.

ఇటుకలు వచ్చేదాకా పొయ్యి వాడుకోమని, తొందరేం లేదని కృష్ణ చెప్పాడు. అలా చెప్పించుకుని ఆ సాయంత్రం నేను నా వంటింట్లో పొయ్యి వెలిగించాను. గోడ ఇంకా లేవలేదు. ప్లానులో వీధి గుమ్మం మా పడమటి వాటాలోకి వచ్చింది గానీ, నడిమింట్లో ఎర్రగీత ఎవరికీ కనబడదు. ఎప్పటిలా అటునుంచి నాలుగడుగులు వేస్తే అతని గది. కానీ కృష్ణ వీధిలోకి పోయినవాడు వాకిట్లోకి తిరిగి రాలేదు. ఇంటి పక్క సందులోంచి కర్ర చప్పుడు వినబడింది. అది మురుగు కాలవ పక్కన పగిలిన ఇటుకలూ, జారుడూ ఉన్న సందు, కాళ్ళు బాగున్నవాళ్ళే ఆచితూచి నడుస్తారు. చప్పుడు ఎక్కడా తడబడలేదు. దొడ్డి మెట్టు దగ్గర ఒక్కసారి ఆగి, మెట్టెక్కింది.

వెనక తలుపు తీసుకుని వంటింట్లోకి వచ్చాడు. చెమట కారుతోంది, ఆయాసపడుతున్నాడు. అంత ఇరుకులో మేమిద్దరం పట్టం. అన్నం తింటావా కృష్ణా అని అడగబోయాను.

"కొంచెం జరుగు వదినా" అన్నాడు.

నేను పొయ్యి దగ్గర నుంచి పక్కకు జరిగి దారి ఇచ్చాను.